నడివయసులో నడుము ఎందుకు మారుతుంది?

నలభై ఐదు దాటాక చాలామంది ఆడవాళ్లు అనే మాట: "తినేది అదే, చేసేది అదే, మరి ఈ ఒళ్లెందుకొచ్చింది?" బద్ధకమని తమను తామే తిట్టుకునే ముందు ఈ విశేషాలు చదవాలి.

కాటాకు చిక్కని మార్పు
అమెరికాలో 1996లో మొదలైన 'స్వాన్' అధ్యయనం వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించింది. నెలసరి ఆగిపోయే దశ (మెనోపాజ్) మొదలవగానే ఒంట్లో కొవ్వు చేరే వేగం రెట్టింపైంది, కండ తగ్గసాగింది. ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తరుగుతుంది కాబట్టి బరువులో మాత్రం హఠాత్తు మార్పేమీ కనిపించలేదు. చివరి నెలసరి తర్వాత దాదాపు 2 ఏళ్లకు ఈ జోరు తగ్గింది.

తొడల నుంచి పొట్టకు
ఈస్ట్రోజన్ అనే హార్మోన్ బాగా ఉన్నన్నాళ్లూ కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల్లో చేరుతుంది. ఈస్ట్రోజన్ తగ్గాక పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకుంటుంది. షుగరు, గుండెజబ్బుల ముప్పు ఈ కొవ్వుతోనే ఎక్కువ. అందుకే మన దేశపు స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

ముప్పైకే మందగించదు
2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన 29 దేశాల్లో 6,400 మందికి పైగా లెక్కలు తీసింది. శరీర పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఒళ్లు శక్తిని ఖర్చు చేసే వేగం దాదాపు ఒకేలా ఉంటుందని తేలింది.

కొవ్వూ హార్మోన్ చేస్తుంది
అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ ఆపేశాక ఆ పనిలో కొంత కొవ్వు కణాలు అందుకుంటాయి. కొవ్వు మితిమీరితే గర్భసంచి, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరగడానికి ఇదొక కారణం. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనిపించినా డాక్టరును కలవాల్సిందే.

ఆపరేషన్‌కు ముందు ఒక ప్రశ్న
గర్భసంచి తీయించుకున్న స్త్రీల నిష్పత్తిలో దేశంలో ముందు వరసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. గర్భసంచి మాత్రమే తీస్తే హార్మోన్లు ఊరుతూనే ఉంటాయి. అండాశయాలూ తీసేస్తే ఒక్కసారిగా పడిపోతాయి. "అండాశయాలు ఉంచుతారా?" అని ముందే అడగడం ప్రతి స్త్రీ హక్కు.

థైరాయిడ్ వాటా ఎంత?
థైరాయిడ్ తగ్గడం వల్ల వచ్చే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోల లోపే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి.

నిద్ర చెడితే ఆకలి
కడుపు నిండిందని చెప్పే లెప్టిన్‌ను 1994లో, ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను 1999లో కనుగొన్నారు. నిద్ర కరువైతే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. వేడి ఆవిర్లతో రాత్రి మెలకువ వస్తుంటే అది వైద్యం చేయించుకోదగ్గ సమస్యే.

కండకు కావాల్సింది
హార్మోన్ మాత్రలు ఆవిర్ల వంటి ఇబ్బందులకే గాని బరువు తగ్గించే మందు కావు. నడకతో పాటు వారానికి రెండు రోజులైనా బరువులెత్తడం, గుంజీలు తీయడం వంటివి చేస్తే కండ నిలుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఇంటిల్లిపాదికీ వడ్డించాక మిగిలిన పులుసుతో సరిపెట్టుకుంటే అది అందదు. పప్పులోనూ, గుడ్డులోనూ, పెరుగులోనూ ఇల్లాలి వంతు ముందే తీసిపెట్టాలి.