నీరు కలిసిన మందు

గత వానకాలములో మా చిన్న మనుమరాలికి చెవిపోటు వచ్చినది. అంతకుముందు దాని అన్నకు తెచ్చిన అమాక్సిసిల్లిన్ సీసా సగము మిగిలి ఫ్రిజ్ తలుపులో ఉన్నది. డబ్బు పోసి కొన్న మందు పారబోయుటెందుకని దానినే రెండు పూటలు పట్టించితిమి. జ్వరము దిగలేదు. డాక్టరు గారు సీసా చూచి, "నీళ్లు ఎప్పుడు కలిపినారు?" అని అడిగినారు. ఇంటిల్లిపాదిలో ఒక్కరికిని తేదీ గుర్తులేదు.

అసలు సంగతి ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఈ మందు పొడిగా అమ్ముట ఊరకే కాదు. 1928లో ఫ్లెమింగు కనుగొన్న పెన్సిలిన్ నీటిలో నిలువక పోవుచుండగా, 1940 నాటికి ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ గార్ల బృందము దానిని గడ్డకట్టించి, తడి లాగివేసి పొడి చేసినది. అమాక్సిసిల్లిన్‌ది ఆ వంశమే. దాని నడుమ మూడు కార్బన్, ఒక నైట్రోజన్ పరమాణువులు కలిసిన చిన్న చట్రమొకటి వంచి కట్టిన వెదురుబద్దవలె బిగువుగా నుండును. క్రిములు తమ చుట్టు కట్టుకొను గోడను చెరచునది ఆ బిగువే. అయితే అంత బిగువైనది గనుకనే నీరు కూడ దానిని మెల్లగా విప్పివేయును. విడిపోయిన మందుకు క్రిములపై శక్తి లేదు. చల్లదనము ఈ పనిని నెమ్మదింపజేయును గాని ఆపదు. క్లావులానిక్ ఆమ్లము కలిసిన రకములో ఆ ఆమ్లము ఇంకను త్వరగా చెడును. కనుక ఫ్రిజ్‌లో నుంచినను సాధారణముగ 7 దినములే గడువు. రంగు, వాసన, తీపి మాత్రము మారకపోవచ్చును. మేము మోసపోయినది అక్కడనే.

అట్లని ప్రతి సీసాను ఫ్రిజ్‌లో పెట్టరాదు. క్లారిత్రోమైసిన్ పొడి మందు కలిపిన తరువాత బయటనే ఉండవలెను. ఏ మందు సంగతి ఆ సీసామీది చీటీలోనే యుండును. అది ఇంగ్లీషులో నుండుటచే మా బోటి పెద్దలము చదువకయే పక్కన పెట్టుదుము!

కలుపునప్పుడు ముందు సీసాను తట్టి పొడి విడిపోనిచ్చి, కాచి చల్లార్చిన నీటిని గీత వరకే పోసి బాగుగా కుదుపవలెను. అప్పుడే తేదీ వ్రాయవలెను, ఏ లిపిలోనైనను సరే. మా కోడలు మరాఠీలో వ్రాయును. మనుమడు దానిని మాకు తెలుగులో చదివి చెప్పును.

మనుమరాలికి డాక్టరు గారు కొత్త సీసా వ్రాసినారు. నాలుగవనాటికి చెవి మీద చేయి తీసి ఆటలకు పోయినది.