సొంత పొలంలో దొరికినా చెప్పాల్సిందే

పెనుకొండ: 1565లో తళ్లికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు తరలివచ్చింది. నాటి రాజుల ధనం భూగర్భంలో ఉందన్న నమ్మకం హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లోనూ వీడలేదు. ఆ ఆశతోనే కొందరు రాత్రివేళల్లో పాత గుడులు, కోటల కింద గోతులు, సొరంగాలు తవ్వుతుంటారు.

సొంత పొలంలో దొరికినది తమదేనన్నది అపోహ. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు (అప్పట్లో అది చిన్న మొత్తం కాదు) మించిన నిధి లభిస్తే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచినా, ఆనవాలు పట్టకుండా కరిగించినా రావాల్సిన వాటా పోతుంది. ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

లేపాక్షి ఆలయం వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు హాని కలిగిస్తే 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2010 సవరణకు ముందు ఆ శిక్ష గరిష్ఠంగా 3 నెలలే.