ఆంగ్లనామముల బహువచనము, షష్ఠి

యానాము గౌతమీతీరమునందలి చిన్న పట్టణము. 1954 వఱకు నది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. దానిఁ జుట్టియున్న గోదావరిమండలము 1947 వఱకు నాంగ్లేయుల పాలనలో నుండెను. కావున నా పొలిమేర కిరువైపుల బడులలో రెండువిధములైన బహువచన సకారములు చొచ్చినవి. ఫ్రెంచిలో నది వ్రాయఁబడును గాని సామాన్యముగాఁ బలుకఁబడదు. ఆంగ్లమునఁ బలుకఁబడును, పూర్వవర్ణమును బట్టి మాఱును గూడ. క్యాట్ శబ్దముపై 'స్', డాగ్ శబ్దముపై 'జ్', బాక్స్ శబ్దముపై 'ఇజ్' వినఁబడును.

ఇఁక షష్ఠి. బాయ్ శబ్దమునకు బహువచనమును, ఏకవచనషష్ఠియు, బహువచనషష్ఠియుఁ జెవికి నొక్కటియే. వ్రాఁతలో మాత్రము అపాస్ట్రఫీ యను గుఱుతు వానిని వేఱుపఱుచును. బాలుఁ డొక్కఁడైనచో నది సకారమునకు ముందు, పలువురైనచోఁ బిదప నుండును. మెన్, చిల్డ్రన్ వంటి సకారములేని బహువచనములకు గుఱుతును సకారమును రెండును జేరును. శిష్యులకుఁ జెప్పవలసిన సూత్ర మొక్కటియే: మొదట వచనము, తరువాత విభక్తి. గుఱ్ఱములు అని సాధించిన పిదపనే కదా మనము గుఱ్ఱముల అందుము! సర్వనామషష్ఠియైన ఇట్స్‌కు మాత్ర మీ గుఱుతు లేదు. ఉంచినచో నది 'అది యున్నది' యను వాక్యమునకు సంక్షేపమగును.

లాటిన్‌నుండి వచ్చిన శబ్దములయందుఁ జిక్కు హెచ్చు. మనము వృక్షశబ్దమును గైకొని వృక్షాః అనక వృక్షములు అందుము. ఆంగ్లమున నట్టి యేకనియమము లేదు. రేడియస్ రేడియై యగును. ఆల్బమ్ ఆల్బమ్స్ అగును. ఇండెక్స్ గ్రంథసూచియైనచో ఇండెక్సెస్, గణితమున ఘాతాంకమైనచో ఇండిసీస్. లాటిన్‌లో 'చేయవలసినవి' యను బహువచనమైన అజెండా, ఆంగ్లమున నేకవచనమై, అజెండాస్ అను క్రొత్త బహువచనమును బొందినది. పూర్వవిద్యార్థులను దెలుపు ఆలమ్నై సకారాంతము గాదు గనుక షష్ఠియందు మెన్ శబ్దమువలె నడచును.

కొందఱు 'అస్' అంతమందున్న దెల్ల 'ఐ' యగునని బోధింతురు. అది ప్రమాదము. ఆమ్నిబస్ ప్రథమైకవచనము గాదు. 'అందఱికొఱకు' అను చతుర్థీబహువచనము. అందలి 'బస్' మన సర్వేభ్యః అనుదానిలోని భ్యః ప్రత్యయమునకు సగోత్రము. ఫ్రాన్సులో నందఱు నెక్కఁదగిన బండికి 1820 దశకమున నీ పేరు వచ్చెను. 1829లో లండనునందు నట్టి బండి నడచెను. పిదప నాంగ్లేయులు ప్రకృతిని విడిచి ప్రత్యయమునే పదముగా నిలిపిరి. నేఁడు యానాము బాటపై మనము బస్సులు అనునపుడు బహువచనప్రత్యయముపై మఱియొక బహువచనప్రత్యయమును జేర్చుచున్నాము! ఇగ్నొరామస్ లాటిన్‌లో నామమే కాదు, 'ఎఱుఁగము' అను క్రియ. ఆంగ్లమున దాని కర్థ మజ్ఞుఁడు. దానికి 'ఐ' తగిలించువాఁ డా యర్థమునకుఁ దానే యుదాహరణ మగును.

కావున నుపాధ్యాయుఁడు విచారింపవలసినవి రెండు: మూలమున నది యేరూపము? ఆంగ్లశిష్టవ్యవహారమున నేది నిలిచినది? మొదటిది జ్ఞానము, రెండవది ప్రమాణము. నిఘంటువు చేతలేనిచోట ఆంగ్లప్రత్యయమే క్షేమము.