ముంతలో కల్లు, పీపాలో బీరు

పామిడిముక్కల ఊళ్లో పొలం గట్ల మీద తాడి గీసే గీత కార్మికుడికీ, జర్మనీలో బీరు తయారుచేసే నిపుణుడికీ పని చేసిపెట్టేది ఒకే కోవకు చెందిన సూక్ష్మజీవి. చక్కెరను తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ విడిచిపెట్టే ఈస్టు అది. అందుకే బీరులో రకాలు తెలియాలంటే మన కల్లు దగ్గర మొదలుపెట్టడమే మేలు.

తాడిచెట్టు చక్కెరను సిద్ధంగా ఇస్తుంది. పోతు తాడైనా, పెంటి తాడైనా లేత గెలను కట్టి, మెల్లగా నలగ్గొట్టి, పూటపూటకీ కొసను కత్తితో పలచగా చెక్కుతారు. చెక్కిన చోట ఊరే రసం చుక్కచుక్కగా ముంతలో పడుతుంది. అందులో సుమారు 10 నుంచి 15 శాతం చక్కెర, అదీ ఎక్కువ భాగం చెరకులో ఉండే సుక్రోజే. ఈస్టును ఎవరూ వేయరు. అది గాలిలో వస్తుంది, వాలే ఈగలతో వస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా, పాలకు తోడు పెట్టినట్టు, నిన్నటి ముంత గోడల నుంచే వస్తుంది. దానితోపాటు జైమోమోనాస్, లాక్టిక్ బ్యాక్టీరియా కూడా చేరతాయి. ముంత దించేసరికే నురగ కడుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు ఎండ ముదిరే వేళకు ఘాటెక్కుతుంది. మర్నాటికి ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా అందులోని ఆల్కహాలును వెనిగర్ ఆమ్లంగా మార్చేస్తుంది. పులిసిన కల్లులో ఆల్కహాలు ఇంచుమించు 4 నుంచి 6 శాతం, అంటే మామూలు బీరులో ఉన్నంతే. ముంత లోపల సున్నం పూస్తే ఈ జీవులు పెరగలేవు. అప్పుడు దిగేది పులియని తియ్యటి నీరా.

బార్లీ గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండి పదార్థం. ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. అందుకని గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. ఇదే మాల్టు. మొలకలో పుట్టిన అమైలేజ్ ఎంజైములు వేడినీటిలో పిండిని చక్కెరగా విడగొడతాయి. ఆ నీటిని హాప్స్ పూలతో మరిగిస్తే చేదు వస్తుంది, చాలా బ్యాక్టీరియాకు అడ్డుకట్టా పడుతుంది. మాల్టును లేతగా ఆరబెడితే బంగారు రంగు బీరు. నల్లగా వేయిస్తే కాఫీ వాసన వేసే స్టౌట్. గోధుమ కలిపితే మసకగా ఉండే వీట్ బీరు.

అసలు విభజన మాత్రం ఈస్టును బట్టే. 15 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో పైకి తేలుతూ పులియబెట్టే శకరోమైసిస్ సెరివిసియేతో వచ్చేది ఏల్. కల్లులో ప్రధానంగా ఉండేదీ ఈ జాతే. 7 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి అడుగుకు చేరే శకరోమైసిస్ పాస్టోరియానస్‌తో వచ్చేది లాగర్. 1842లో బొహీమియాలోని పిల్సెన్‌లో పుట్టిన పిల్స్‌నర్ ఈ కోవలోదే. మన దుకాణాల్లో అమ్మే బీరులో అత్యధికం లాగరే. ‘స్ట్రాంగ్’ అనేదీ ఆల్కహాలు పెంచిన లాగరే.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది బ్రస్సెల్స్ పరిసరాల్లోని లాంబిక్ బీరు. మరిగించిన ద్రవాన్ని వెడల్పాటి తొట్టెలో రాత్రంతా గాలికి వదిలి, అక్కడి అడవి ఈస్టులతోనే చెక్క పీపాల్లో ఒకటి నుంచి మూడేళ్లు పులియనిస్తారు. సూత్రం చూస్తే అది కల్లుకు తోబుట్టువే. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సూత్రాన్ని తరతరాలుగా చెట్టు మీద నడిపిస్తున్న మన గీత వృత్తికి అలాంటి గౌరవం దక్కలేదు.

1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాక, బీరు చెడిపోవడం బాగా తగ్గింది. మన దగ్గర రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటిపై పనిచేస్తోంది. అలాగే మన కల్లు ముంతల్లోని ఈస్టులనూ ఊరూరా సేకరించి భద్రపరచాలి.

ఈలోగా పాఠకులకు ఒక మాట. తాగేది ఏదైనా ఆల్కహాలు శరీరానికి హానే. కానీ క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు అంతకంటే ప్రమాదం. అలవాటుపడ్డవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు. అలాంటివారిని ఇంట్లో ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.