వెయ్యి కన్నాల అట్టుకు కోకో రంగు

మొరాకో, అల్జీరియా ఇళ్లలో పొద్దున పుదీనా టీ పక్కన, రంజాన్ నెలలో ఇఫ్తార్ పళ్లెంలో కనిపించే అట్టు బగ్రీర్. తూర్పు అల్జీరియాలో దీన్నే గ్రాయెఫ్ అంటారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు పెట్టిన పేరు ‘వెయ్యి కన్నాల అట్టు’. నిజంగా వెయ్యా అని లెక్కపెట్టబోతే అట్టు చల్లారిపోతుంది కాబట్టి ఆ సంఖ్యను నమ్మడమే మేలు.

ఆ కన్నాలు అందం కోసం కాదు. కరిగిన వెన్న, తేనె కలిపి పైన పోస్తే ప్రతి కన్నం దాన్ని పీల్చుకోవాలి. బగ్రీర్ చేయడమంటే ఈ పని చేసే అట్టు పోయడమే. దీనికి చాక్లెట్ జోడించాలని పిల్లలు అడగడం సహజం, పెద్దలు ఒప్పుకోవడమూ సహజమే. అయితే చాక్లెట్ ఈ కన్నాలను రెండు వైపుల నుంచి మూసేయగలదు.

ముందు మామూలు పిండి సంగతి చూద్దాం. సన్న రవ్వ 250 గ్రాములు, మైదా 50 గ్రాములు, ఈస్ట్ ఒక చెంచా, బేకింగ్ పౌడర్ రెండు చెంచాలు, పంచదార ఒక చెంచా, ఉప్పు అర చెంచా, గోరువెచ్చని నీళ్లు సుమారు అర లీటరు. అక్కడ వాడేది డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వ. మన బొంబాయి రవ్వ అయితే ముందు పొడిగానే మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. తర్వాత అన్నీ కలిపి రెండు నిమిషాలు మిక్సీ పట్టి, మూతపెట్టి అరగంట వదిలేయాలి. రవ్వ నానేదీ, ఈస్ట్ పని మొదలుపెట్టేదీ ఆ అరగంటలోనే. నీళ్లు సలసల కాగేవి పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. తర్వాత ఎంతసేపు ఎదురుచూసినా అది తిరిగి రాదు.

కన్నాలు పడే తీరు ఇది. పెనం వేడికి పిండిలోని గ్యాస్ వ్యాకోచిస్తుంది, కొంత నీరు ఆవిరవుతుంది. బుడగలు పైకి వచ్చి పగులుతాయి. అవి పగిలిన చోటు మళ్లీ పూడుకోకముందే పిండి గట్టిపడితే కన్నం నిలుస్తుంది. పిండి చిక్కగా ఉంటే బుడగ లోపలే చిక్కుకుంటుంది. మరీ జారుగా ఉంటే పగిలిన చోటు మూసుకుపోతుంది.

కోకో మొదటి ఇబ్బంది పెట్టేది ఇక్కడే. ఈ పొడి నీళ్లను బాగా తాగుతుంది. అదే కొలతలో రెండు చెంచాల కోకో వేసి ఊరుకుంటే పిండి బిగుసుకుని, నున్నటి గోధుమరంగు అట్టు వస్తుంది. తినవచ్చు, బగ్రీర్ అనలేం. అందుకే కోకో 20 గ్రాములు వేసి, మైదాను 30 గ్రాములకు తగ్గించి, నీళ్లు మరో మూడు నాలుగు పెద్ద చెంచాలు పెంచాలి. చాక్లెట్ కరిగించి పిండిలో పోయడం వద్దు. అందులోని కొవ్వు బుడగల గోడలను బలహీనపరుస్తుంది. కోకో చేదని పంచదార పెంచడమూ వద్దు, అడుగు మాడుతుంది. తీపి సంగతి తేనె చూసుకుంటుంది.

నాన్‌స్టిక్ పెనం మీద నూనె లేకుండా, మధ్యస్థం కంటే కాస్త తక్కువ మంటపై గరిటెడు పిండి పోయాలి. మనం దోసెకు రుద్దినట్టు రుద్దకూడదు, తిరగేయకూడదు. తిరగేస్తే కన్నాలు పెనానికి అంటుకుని మూసుకుపోతాయి. మామూలు బగ్రీర్ ఉడికిందని పైతడి ఆరడం చూసి చెప్పవచ్చు. కోకో రంగులో ఆ తేడా సరిగా తెలియదు, అడుగు మాడినా తెలియదు. వేలితో తాకి చూడండి, పిండి అంటకపోతే దించేయండి. మొదటిది పరీక్ష అట్టు. కన్నాలు పడకపోతే పిండిలో చెంచాడు నీళ్లు కలిపి చూడండి, పడి మూసుకుపోతుంటే చెంచాడు మైదా. వేడి అట్లను ఒకదానిపై ఒకటి పేర్చితే అతుక్కుపోతాయి. గుడ్డ మీద విడివిడిగా ఆరనివ్వాలి.

రెండో ఇబ్బంది పైపూతది. సీసాలోని చిక్కటి చాక్లెట్ స్ప్రెడ్ రాస్తే అది పైనే కూర్చుంటుంది, కన్నాల్లోకి దిగదు. అంత శ్రమపడి తెరిచిన తలుపులకు మనమే తాళం వేసినట్టు. చాక్లెట్ ముక్కలను తేనెలో కరిగించబోతే తేనెలోని కొద్దిపాటి నీటికే చాక్లెట్ ముద్దకట్టే ప్రమాదముంది. 50 గ్రాముల చాక్లెట్‌కు 100 మిల్లీలీటర్ల వేడి పాలు పోసి కలిపితే జారుగా ఉండి లోపలికి దిగుతుంది.

రెండు చోట్లా చాక్లెట్ పెట్టాల్సిన అవసరం మాత్రం లేదు. కోకో పిండిలోకి, పైన పాత పద్ధతిలో వెన్న, తేనె: నా ఓటు దీనికే. చేదు అట్టులో ఉంటుంది, తీపి కన్నాల్లో ఉంటుంది, పిల్లల ఫిర్యాదు ఉండదు.