తేనెపిట్ట తలమీది పచ్చ

మా ఇంట్లో పాత ఆల్బమ్ ఒకటుంది. అందులో ఒక రంగుల ఫోటో వెనక నా చేతివ్రాతతో "హమ్మింగ్ బర్డ్, నూజివీడు, 1984" అని ఉంటుంది. అప్పటికి నేను జువాలజీతో బి.ఎస్సీ. చివరి సంవత్సరం. ఊరు నిజం, సంవత్సరం నిజం, పక్షి పేరే తప్పు. ఆ తప్పు ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు. పైగా ఆ ఫోటో గురించి నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అందుకే ఈ సంచికకి ఇదే రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. హమ్మింగ్ బర్డులు 360కి పైగా జాతులున్నాయి. క్యూబన్ ఎమరాల్డ్ వంటి పచ్చమణి పక్షులు వాటిలోవే. అన్నీ అమెరికా ఖండాలవే. మన దేశంలో ఒక్కటీ లేదు. (మూడు కోట్ల ఏళ్లనాటి హమ్మింగ్ బర్డు శిలాజాలు జర్మనీలో దొరికాయని 2004లో ప్రకటించారు. అంటే ఒకప్పుడు పాత ప్రపంచంలోనూ ఉండేవన్నమాట.) మన తోటల్లో తిరిగేది తేనెపిట్ట. దీనికి హమ్మింగ్ బర్డుతో చుట్టరికం లేదు. ఇది పిచ్చుకల వర్గానిది. పూలలో తేనె తాగే బతుకు ఇద్దరిదీ ఒకటే గనక ముక్కు పొడుగైంది, ఒళ్లు మెరుపెక్కింది. హమ్మింగ్ బర్డు గాలిలో నిలబడి తాగుతుంది, వెనక్కీ ఎగురుతుంది. మనది ఎప్పుడైనా కాసేపు రెక్కలాడిస్తూ నిలిచినా, కొమ్మ మీద కూర్చుని తాగడానికే ఇష్టపడుతుంది.

మా వైపు ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకటి నల్లగా కనబడి ఎండలో ఊదా, నీలం మెరిసేది. రెండోది పసుపు పొట్టది. ఈ రెండోదాని మగపిట్ట తలమీద అసలైన పచ్చమణి ఉంది. భుజం మీదా చిన్న పచ్చ మచ్చ, నడుం మీద ఊదా మెరుపు. బరువు పది గ్రాములకి అటూ ఇటూ.

విచిత్రమేమంటే ఆ పచ్చ రంగు పిట్టలో లేదు. ఆ ఈకని నూరితే మిగిలేది నల్లటి పొడే. ఈకలో మెలనిన్ రేణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. పొరపొర నుంచీ తిరిగొచ్చే వెలుతురు కలిసి, కొన్ని రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కొన్ని బలపడతాయి. వానాకాలం రోడ్డు మీద నీళ్లలో పెట్రోలు చుక్క పడితే రంగులు తేలతాయే, అదే సూత్రం. హమ్మింగ్ బర్డులో ఆ రేణువులు అట్టుల్లా బల్లపరుపుగా, లోపల గాలి బుడగలతో ఉంటాయి. కోణం కుదిరితే మణి, కుదరకపోతే మసి.

బొమ్మలు గీసేవాళ్లకి ఇదే పెద్ద చిక్కు. లండన్‌లో జాన్ గూల్డ్ 1849 నుంచి 1861 దాకా హమ్మింగ్ బర్డుల మీద అయిదు సంపుటాలు తెచ్చాడు. 360 పలకలు. మెరుపు కోసం బంగారు రేకు అంటించి, దానిపైన పారదర్శకమైన రంగులు పూయించాడు. ఆయన బతికున్న హమ్మింగ్ బర్డుని మొదటిసారి చూసింది 1857లో, అమెరికా వెళ్లాకే! అప్పటికే సగం పైగా పుస్తకం గడిచిపోయింది. ఆ బొమ్మలు అద్భుతమే, కాని బతికున్న పిట్టలో అన్ని మెరుపులూ ఒక్కసారే కనబడవు. మనవైపు చూస్తే, నెల్లూరులో సివిల్ సర్జనుగా చేసిన జెర్డన్ 1843-47 మధ్య మద్రాసులో 50 రంగుల పలకలతో భారత పక్షుల బొమ్మల పుస్తకం వేయించాడు. వాటిలో చాలామటుకు ఈ దేశపు చిత్రకారులు గీసినవే. తరవాత 1862-64లో వచ్చిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షుల తెలుగు పేర్లు కూడా ఎక్కాయి.

చిత్రకారుడికి బంగారు రేకు ఉంది. ఫోటో తీసేవాడికి ఏముంది? అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ అధ్యక్షుడు గ్రీన్‌వాల్ట్, వేగంగా వెలిగి ఆరే ఫ్లాష్ దీపాలతో తీసి 1960లో హమ్మింగ్ బర్డుల పుస్తకం వేశాడు. నా దగ్గరున్నది అరువు కెమెరా, 36 ఫోటోల రీలు ఒక్కటి. దూరం నుంచి తీసే లెన్సు లేదు. మరి దగ్గరికి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా పిట్ట ఎగిరిపోతుంది, గూటికి మాత్రం తిరిగొస్తుంది.

మావయ్య గుత్తకి తీసుకున్న చిన్నరసాల తోటలో, మోటారు షెడ్డు పక్కన గూడు వేలాడుతోంది. సాలెపట్టుతో నారా, పుల్లా అల్లిన సంచీ అది. కట్టింది ఆడపిట్ట, పిల్లలకి మేత తెచ్చేది ఇద్దరూ. ఎండ తలమీద పడితేగాని పచ్చ రాదు. ఆకులు అడ్డం. నేను చాకు తీసి నాలుగు రెమ్మలు కోసేశాను. మర్నాడు మగపిట్ట వచ్చి వాలింది, తల తిప్పింది, పచ్చ భగ్గుమంది. ఒక్క ఫోటో కుదిరింది. మూడోరోజు వెళ్తే గూడు చిరిగి కింద ఉంది. కాకులకి దారి చూపింది నేనే. బెజవాడలో కడిగించిన ఆ ఫోటోని అందరూ మెచ్చుకున్నారు. రెమ్మల సంగతి మావయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన, "ఫోటో కావాలంటే బదనిక దగ్గర కూర్చోవాలిరా, గూటి దగ్గరేం పని?" అన్నాడు.

ఆయన మాట నిజం. బదనిక మామిడి కొమ్మల రసం పీల్చే పరాయి మొక్క. రైతుకి శత్రువే, కనబడితే కొమ్మతో సహా కొట్టేస్తారు. దాని గొట్టాల్లాంటి పూలంటే తేనెపిట్టకి ప్రాణం. ముదిరిన మొగ్గని ముక్కుతో నొక్కితే అది చిట్లి, పుప్పొడి పిట్ట మీద పడుతుంది. మావయ్య గట్టు మీది ముసలి చెట్టున ఒక్క బదనిక మాత్రం ఆ ఏడు కొట్టించలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నూజివీడు 2022 నుంచి ఏలూరు జిల్లా అయింది. ఇప్పుడు విద్యార్థుల చేతుల్లో మంచి కెమెరాలే ఉన్నాయి. మామిడి పూత రోజుల్లో పొద్దున్నే, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని పూల దగ్గర కూర్చుంటే పచ్చ దానంతటదే వస్తుంది. ఒకవేళ పిట్ట ముక్కున పురుగు పట్టుకుని, లోపలికి పోకుండా కొమ్మల మధ్య అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే, దగ్గర్లో గూడుంది, మీరు అడ్డంగా ఉన్నారు. కెమెరా ఎత్తకుండా ఇరవై అడుగులు వెనక్కి రండి.