గ్రిడ్ రక్షణకు రెండో దారి ఏది?

సూరత్ దాటి, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి వెళితే హజీరా. మన సైన్యం వాడే ‘కె-9 వజ్ర’ శతఘ్నులు తయారయ్యేది ఇక్కడే. 2017 ఒప్పందం కింద 100 శతఘ్నులను 2021 నాటికి అందించారు. మరో విడత కోసం 2024 డిసెంబరులో సుమారు రూ.7,629 కోట్ల ఒప్పందం కుదిరింది. ఉక్కు, ఎరువులు, సహజవాయువు కర్మాగారాలూ ఆ పక్కనే.

ఇంత విలువైన చోటు అనగానే తీర గస్తీ ఎలా ఉందని అడుగుతారు. నేను కరెంటు గురించి అడుగుతాను. గాంధార్ నుంచి హజీరాకు 400 కేవీ లైను దాదాపు 100 కిలోమీటర్లు వస్తుంది. దానిమీద పిడుగు పడినా, ఉప్పుగాలికి మురికి పట్టిన ఇన్సులేటర్ల మీదుగా విద్యుత్తు దూకినా, వెంటనే గుర్తించి బ్రేకర్లను తెరిపించాల్సింది సబ్‌స్టేషన్‌లోని రిలే. అది ఆలస్యం చేస్తే పరికరాలు కాలిపోతాయి. తొందరపడితే బాగున్న లైను ఆగిపోతుంది.

ఆ తొందరపాటు ఏం చేయగలదో 2012 జులై 30 తెల్లవారుజామున చూశాం. అప్పటికే కొన్ని లైన్లు సేవలో లేక గ్రిడ్ బలహీనంగా ఉంది. బీనా-గ్వాలియర్ 400 కేవీ లైనుపై లోడు పెరిగింది. రిలే దాన్ని ఫాల్టుగా పొరబడి లైనును ఆపేసింది. ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మళ్లీ అదే లైను ట్రిప్పయింది. ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ చీకట్లో మునిగాయి. శత్రువు ఒక్క తూటా పేల్చలేదు.

ఒకే చివర నిలబడి దూరాన్ని అంచనా వేసే రిలేకు ఇలాంటి భ్రమ కలగవచ్చు. అందుకే కీలకమైన లైన్లలో రెండు చివరలా రిలేలు పెట్టి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు చేస్తారు. ఈ చివర ఎంత కరెంటు లోపలికి వెళ్లిందో, ఆ చివర అంతే బయటికి వచ్చిందా? లెక్క సరిపోతే లైను క్షేమం. లోడు ఎంత పెరిగినా ఈ లెక్క తప్పదు. ఆ మాటలు మోసేది టవర్ల తలమీద ఎర్త్ వైరు లోపల సాగే ఆప్టికల్ ఫైబర్. అందులో కాంతి 100 కిలోమీటర్లను అర మిల్లీసెకనులో దాటుతుంది. అంతదూరం వెళ్లేసరికి దాని బలం నూరో వంతుకు తగ్గుతుంది. అయినా సరైన లేజరు, సున్నితమైన రిసీవరు ఉంటే మధ్యలో ఎక్కడా బలం పెంచకుండానే పని జరుగుతుంది.

చిక్కంతా దారిలోనే ఉంది. మాట వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని రిలే కొలిచి, అందులో సగాన్ని ఒకవైపు ఆలస్యంగా లెక్కిస్తుంది. పంచుకున్న టెలికాం నెట్‌వర్కులో ఎక్కడో తెగి, రాకపోక దారుల్లో ఒకటి మాత్రం 400 కిలోమీటర్లు చుట్టు తిరిగిందనుకోండి. రెండు మిల్లీసెకన్ల తేడా వస్తుంది. రిలే లెక్క ఒక మిల్లీసెకను తప్పుతుంది. మన 50 హెర్ట్జ్ విద్యుత్తులో అది 18 డిగ్రీలు. ఏ లోపమూ లేని లైనులో, పారుతున్న కరెంటులో దాదాపు మూడో వంతు మాయమైనట్లు రిలేకు కనిపిస్తుంది. నెట్‌వర్కు ఇంజినీరు దృష్టిలో అది చక్కటి మరమ్మతు. రిలేకు మాత్రం అది అబద్ధపు సాక్ష్యం.

యువ అధికారిగా ఒక విన్యాసంలో రెండు టెలిఫోను తీగలు వేయించాను. ఒకటి తెగినా మరొకటి ఉంటుందని ధీమా. రెండూ ఒకే బాట పక్కన పరిచాం. రాత్రి ఒక్క ట్రక్కు రెండింటినీ తెంపేసింది. ‘రెండు తీగలు వేశావు, దారి మాత్రం ఒకటే’ అన్నారు మా కమాండింగ్ ఆఫీసరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ముంచెత్తి విద్యుత్ టవర్లను కూల్చినప్పుడు ఆ మాటే గుర్తుకొచ్చింది. టవరు పడితే కరెంటు తీగతోపాటు ఫైబరూ పడుతుంది. ప్రధాన, ప్రత్యామ్నాయ ఫైబర్లు ఒకే టవరు మీద ఉంటే అవి రెండని కాగితం మీదే చెప్పుకోవాలి.

శత్రువుకూ ఈ సంగతి తెలుసు. 2016 డిసెంబరులో కీవ్ సబ్‌స్టేషన్‌పై దాడికి వాడిన సాఫ్ట్‌వేర్‌లో, ఒక రకం రక్షణ రిలేలను పనిచేయకుండా చేసే భాగం కూడా ఉన్నట్లు నిపుణులు గుర్తించారు. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. అవి అవసరమే. అయితే గోడ కట్టడంతోపాటు దారినీ కాపాడుకోవాలి.

హజీరా వంటి రక్షణ ఉత్పత్తి కేంద్రాలకు కరెంటు తెచ్చే ప్రతి లైనుపై మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. రిలేలకు సొంత ఫైబర్ జత ఉందా? రెండో ఫైబర్ వేరే టవర్ల మీదుగా వెళ్తోందా? దారి మారితే రాకపోకల కాలం సమానంగా ఉంటోందని ఎవరైనా కొలిచి చూశారా? వీటికి అయ్యే ఖర్చు ఒక్క రోజు ఆగిన ఉత్పత్తితో పోలిస్తే ఏపాటిది? శతఘ్ని ఎంత దూరం కొడుతుందో పదేపదే పరీక్షిస్తాం. దాన్ని తయారుచేసే యంత్రాలను నడిపించే ఆ వెలుతురు దారికీ అలాంటి పరీక్షే పెట్టాలి.